తొమ్మిది కంప్యూటర్లు, రెండు భుజాలు

కంప్యూటర్ సెంటర్, ముందు గది
జనవరి 12

ఆడపడుచు గారికి,

ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకు అంటావని తెలుసు. ఫోనులో నేను మాట్లాడుతుంటే నువ్వు ఊఁ కొడుతూ రంగులు కలుపుకుంటావు. కాగితమైతే చచ్చినట్టు చదువుతావు. పైగా ముప్పై ఏళ్ళుగా జనానికి టైపు నేర్పుతున్నదాన్ని, నా మాట నోట్లోంచి కంటే వేళ్ళలోంచే సాఫీగా వస్తుంది.

నీ ఉత్తరం మీ అన్నయ్యా నేనూ కలిసి చదివాం. ఆయన రెండో పేజీ సగంలో లేచి స్నానానికి వెళ్ళిపోయాడు. పొద్దున్నే ఒకసారి స్నానం చేసిన మనిషి. బస్సు డిపోలో అంతేసి ఇంజన్లు విప్పి పోగులు పెడతాడు కానీ చెల్లెలి భుజం సంగతి చదవడానికి ధైర్యం చాల్లేదు. మిగతాది నేనే చదివాను. కండలు కరిగే జబ్బు, మెల్లగా వస్తుంది, ముందు భుజాల్ని పట్టుకుంటుంది, మందు లేదు. మందు లేదు అన్న ముక్క కింద గీత కూడా గీశావు. గీయకపోతే నేను చూడననా?

ఆ ఆపరేషన్ సంగతి చదివితే నాకు ఒళ్ళు జలదరించింది. వీపు వెనక భుజం దగ్గరుండే పలక ఎముకని తీగలేసి పక్కటెముకలకి కట్టి అతికించేస్తారా? నువ్వేమన్నా వదులైన తలుపు బందువా? అతికించాక మళ్ళీ విప్పడం ఉండదని నువ్వే రాశావు. రేపు మందు దొరికిందనుకో, అందరూ హాయిగా భుజాలు తిప్పుకుంటుంటే నువ్వు మాత్రం బొమ్మలా బిగుసుకుని ఉంటావు. నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా సెంటర్లో తొమ్మిది కంప్యూటర్లున్నాయి కదా. పొద్దుటి బ్యాచీకీ సాయంత్రం బ్యాచీకీ మధ్య అవి ఊరికే దుమ్ము తింటూ కూర్చుంటాయి. వాటిని సైన్సు వాళ్ళకి వాడుకోనిచ్చే పద్ధతి ఒకటుంది. మిషను మన దగ్గరే ఉంటుంది, ఎవరూ పట్టుకుపోరు. వాళ్ళ దగ్గర పెద్ద లెక్క ఒకటుంటుంది, ఒక్కచోట చేస్తే మన మునిమనవల కాలానికి కూడా తెమలనంత. దాన్ని ముక్కలు ముక్కలు చేసి, ఒప్పుకున్న వాళ్ళ ఇళ్ళకి తలా ఒక ముక్క పంపిస్తారు. మనం వాడనప్పుడు కంప్యూటరు తనంతట తాను ఆ ముక్క చేసి వెనక్కి పంపేస్తుంది. లక్షల ఇళ్ళు ఇలా చేస్తున్నాయట. ఏ పనికి ఇస్తావు అని ఒక జాబితా పెట్టారు. చూసుకుంటూ పోతున్నాను, కండలు కరిగే జబ్బు అని ఉంది. కండలో ఉండే పదార్థాల్లో ఏది దేనికి అతుక్కుంటుందో లెక్క కట్టి మందుకి దారి వెతుకుతారట. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

నిన్నటి నుంచి తొమ్మిదీ నీ పని మీదే ఉన్నాయి. కాబట్టి ఆ డాక్టరుకి కాస్త నిదానించమని చెప్పు. 

నీ వదిన


రంగుల కొట్టు మీది గది
జనవరి 25

వదినా,

చచ్చినట్టే చదివాను. ఆ గీత నేను గీయలేదు, కుంచె తగిలి పడింది.

అన్నయ్యకి ఈ పేజీ చదివి వినిపించు, స్నానానికి పోకుండా గుమ్మానికి అడ్డం నిలబడు. డాక్టరు ఏం చేశాడంటే, నా వెనక నిలబడి ఆ పలక ఎముకని అరచేత్తో వీపుకేసి గట్టిగా అదిమిపట్టాడు. ఇప్పుడు చెయ్యెత్తమ్మా అన్నాడు. వదినా, చెయ్యి లేచింది. చెవి దాటి పైకి వెళ్ళింది. ముందు కుడిది, తర్వాత ఎడమది. రెండేళ్ళయింది నా చేతుల్ని అంత ఎత్తున చూసుకుని. ఆయన అరచెయ్యి తియ్యగానే రెండూ కిందికి జారిపోయాయి. చెయ్యెత్తే కండ ఇంకా బాగుంది, ఆనుకోడానికి దాని వెనక ఎముక నిలబడట్లేదు, ఆ ఎముకని నేను నిలబెడతాను అన్నాడు. ఆ కండ కూడా కరిగిపోతే మాత్రం ఆపరేషను చేసినా ఒకటే, మానినా ఒకటే. అది ఎన్నాళ్ళుంటుందని అడిగితే చెప్పలేనన్నాడు. ఏప్రిల్ పదిన కుడి భుజానికి, అది ఆరాక ఎడమదానికి అని పుస్తకంలో నా తేదీ రాసుకున్నాడు.

పని నడుస్తోంది. నిన్న మందుల కొట్టు బోర్డు పై వరస రాయడానికి నిచ్చెనెక్కాను. కుడి మోచేతిని ఎడమ చేత్తో మోస్తూ రాశాను. కొట్టాయన కింద నిలబడి, ఏంటమ్మా కుంచె అంత బరువా అని అడిగాడు. అవునండీ, ఎర్ర రంగు కాస్త బరువెక్కువ అన్నాను. నమ్మినట్టే తలూపాడు.

నీ తొమ్మిది కంప్యూటర్లు నా కోసం లెక్కలు చేస్తున్నాయంటే నవ్వొచ్చింది. వాటిల్లో ఒకటి నీ జీతాల కాగితమే సరిగ్గా అచ్చెయ్యదని నువ్వే కదా తిట్టేదానివి. నవ్వడం అయ్యాక ఆ పేజీ ఇంకోసారి చదివాను. ఇంతకీ అవి ఇప్పటికి ఎన్ని ముక్కలు చేశాయి?

నీ ఆడపడుచు


కంప్యూటర్ సెంటర్, ముందు గది
ఫిబ్రవరి 20

ఇదిగో అమ్మాయ్,

ఎన్ని ముక్కలని అడిగావు కదా. ఇవాళ మధ్యాహ్నానికి పదకొండు వందల నలభై. అడగనే అడగదు అనుకున్నాను, అడిగావు. నాకు మహా సంబరమైంది.

పని ఎంత పకడ్బందీగా జరుగుతుందో తెలుసా. ఒకే ముక్కని రెండు ఇళ్ళకి పంపిస్తారు. ఒకరికొకరు తెలీదు. ఇద్దరి జవాబూ ఒకటైతేనే తీసుకుంటారు, లేకపోతే మూడో ఇంటికి పంపుతారు. మనవి ఇప్పటిదాకా ఒక్కటి తప్పు పోలేదు. మూలనున్న ముసలి మిషను, నువ్వు ఎగతాళి చేసిందే, అది కూడా. ఫ్యాను రొద పెడుతుంది, ఒళ్ళు పొయ్యిలా కాలుతుంది, జవాబు మాత్రం సరిగ్గా చెబుతుంది. నాకు దాని మీద గౌరవం పెరిగింది, రోజూ పొద్దున్నే దాని ముందున్న దుమ్ము నేనే తుడుస్తున్నాను.

మొదట్లో బోలెడు ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ అవునని టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఎంచుకున్న పని అందుబాటులో లేనప్పుడు ఇంకేదైనా పని పంపమంటారా అని కూడా ఒకటి. పంపండి అన్నాను. నా సెంటర్లో ఖాళీగా కూర్చునేవాళ్ళని నేనెప్పుడైనా చూసి ఊరుకున్నానా? టైపు మిషన్ల రోజుల్లో కూడా రిబ్బను తెగితే, బాగయ్యేదాకా బల్ల మీద వేళ్ళు ఆడించమనేదాన్ని.

మీ అన్నయ్య ఒక రోజు వచ్చి మిషన్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. ఏది దాని భుజం మీద పని చేస్తోంది అని అడిగాడు. అన్నీ అన్నాను. ఒక్కోదాన్నీ తట్టి వెళ్ళాడు, డిపోలో బస్సుని తడతాడే, అలాగ. మనిషి ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఏప్రిల్ అంటే మరీ దగ్గర కదా. ఇంకో ఆరు నెలలు ఆగితే కొంపలేం మునగవు. నీ ఇష్టం అనుకో. కానీ ఆగమని నా మనసు చెబుతోంది.

నీ వదిన


రంగుల కొట్టు మీది గది
మార్చి 28

వదినా,

నిన్న ఆసుపత్రికి వెళ్ళి తేదీ కొట్టేయించి వచ్చాను.

డాక్టరు కళ్ళజోడు తీసి చూశాడు. మా వదిన కంప్యూటర్ల సంగతి చెప్పాను. విన్నాడు పాపం, నవ్వలేదు. అలాంటి పనులు మంచివేనమ్మా, కానీ లెక్క అయ్యాక మందు చేతికి రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది అన్నాడు. మీరు కండని చూసుకుంటారు, మా వదిన లెక్కల్ని చూసుకుంటుంది అన్నాను. ఎప్పుడూ అంత మాట అనే రకం కాదు కదా నేను. ఎక్కడి ధైర్యమో వచ్చింది. తిరిగొస్తూ మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికైపోయింది.

నీకొకటి చెప్పాలి. ఈ జబ్బు పేరు విన్న దగ్గర్నుంచి నాకు పొద్దున లేవగానే మొదట తోచేది, ఇవాళ ఏది పోయింది అని. జడ వేసుకోడం పోయింది, పై అరలో డబ్బా తీసుకోడం పోయింది. ఇప్పుడు లేవగానే, నిన్న మా వాళ్ళు ఎన్ని చేసుంటారు అనుకుంటున్నాను. మా వాళ్ళు అంటే నీ తొమ్మిదీ. నవ్వుకో.

పెద్ద బోర్డులు కొన్నాళ్ళు ఒప్పుకోవట్లేదు. షట్టర్లు రాస్తున్నాను, సగం దాకా దించి పెట్టమంటే చెయ్యెత్తే పని లేదు.

లెక్క రాయి.

నీ ఆడపడుచు


కంప్యూటర్ సెంటర్, ముందు గది
ఏప్రిల్ 9

అమ్మాయ్,

రేపు నీ భుజానికి తీగలు కట్టాల్సిన రోజు. కట్టడం లేదు. పొద్దున్నించీ ఆ మాటే అనుకుంటూ తిరుగుతున్నాను.

లెక్క: రెండు వేల ఆరు వందల పదిహేడు. వేసవి బ్యాచీలో పిల్లలు తక్కువ, మిషన్లకి తీరిక ఎక్కువ, నీకు లాభం. కిటికీలన్నీ తీసిపెట్టినా గది ఉడికిపోతోంది. పాఠం వినడానికి వచ్చిన ఒక గుమాస్తా గారు, మేడమ్ ఇక్కడ కూర్చుంటే నాకు చెమట కారిపోతోంది అని నసిగాడు. మా ఆడపడుచు భుజం బాగవుతోంది, కాస్త ఓర్చుకోండి అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు, అయినా ఓర్చుకున్నాడు.

నువ్వు ఆ డాక్టరుకి చెప్పిన జవాబు మీ అన్నయ్యకి మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి కూడా గుమ్మం దాటలేదు.

నీ వదిన


రంగుల కొట్టు మీది గది
జూన్ 8

వదినా,

రెండు నెలలు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో.

పని మారింది. బండ్ల నంబరు ప్లేట్లు రాస్తున్నాను, బల్ల దగ్గర కూర్చుని. మోచెయ్యి బల్ల మీద ఆనుతుంది కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. కింద కొట్టు ముందు స్టూలు వేసుకుంటే రోజుకి పది పన్నెండు అవుతాయి. ఇదేమంత చిన్నతనం కాదు. అక్షరం ఎక్కడున్నా అక్షరమే.

నాకో చిన్న పని చేసిపెట్టు. మన కంప్యూటర్లు చేసిన ముక్కల జాబితా ఉంటుంది కదా, దాన్ని అచ్చేసి పంపించు. ఎంత పొడుగున్నా సరే. మంచం ఎదురుగా గోడకి అతికించుకుంటాను. ఒక్కో రోజు చొక్కా తొడుక్కోడానికే తల ప్రాణం తోకకొస్తోంది. అలాంటప్పుడు కళ్ళెదురుగా ఏదో ఒకటి ఉండాలి.

నీ ఆడపడుచు


కంప్యూటర్ సెంటర్, ముందు గది
జులై 2

ప్రియమైన ఆడపడుచుకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అంతా క్షేమం. ఎండలు తగ్గాయి. కొత్త బ్యాచీలో పద్నాలుగు మంది చేరారు. ప్రింటరు పాడైంది, బాగు చేసే ఆయన ఊళ్ళో లేడు, అందుకని జాబితా పంపలేకపోతున్నాను.

నువ్వు ఒకసారి ఆ డాక్టరుకి చూపించుకుని వస్తే బాగుంటుందని మీ అన్నయ్యా నేనూ అనుకున్నాం. ఊరికే, ఎలా ఉందో చూస్తాడు. ఈ వారమే వెళితే మంచిది.

వేళకి తిను.

వదిన


రంగుల కొట్టు మీది గది
జులై 11

వదినా,

ఈ ఉత్తరం నువ్వు రాసింది కాదు. ఎవరో మర్యాదస్తురాలు రాసింది. ఒక్క తిట్టు లేదు, ఒక్క వేళాకోళం లేదు, పైగా "ప్రియమైన" అట. ఇరవై రెండేళ్ళలో నన్ను ప్రియమైన అని పిలిచిన పాపాన పోలేదు. లెక్క కూడా రాయలేదు. ప్రింటరు పాడైతే ఈ ఉత్తరం అచ్చెలా వేశావు?

అన్నయ్యకి ఒంట్లో బాగాలేదా? సెంటరు మూసేస్తున్నావా? ఏదైనా సరే చెప్పెయ్. నాకేమీ కాదు, నేనిప్పుడు చాలా గట్టిగా ఉన్నాను. డాక్టరు దగ్గరికి ఇప్పుడెందుకు? మన లెక్కలు మన దారిన నడుస్తున్నాయి కదా.

నీ ఆడపడుచు


కంప్యూటర్ సెంటర్, ముందు గది
జులై 16

అమ్మాయ్,

మీ అన్నయ్య బాగున్నాడు. సెంటరు నడుస్తోంది. ప్రింటరు శుభ్రంగా ఉంది.

నువ్వు జాబితా అడిగావు కదా, జూన్ నెలలోనే అచ్చేశాను. ఎనభై నాలుగు కాగితాలు. నీకు పంపేది తప్పుల్లేకుండా ఉండాలని, పిల్లల టైపు కాగితాలు దిద్దినట్టు స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా చదువుతూ వచ్చాను. ప్రతి వరస మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, అది ఏ పనో చెప్పే గుర్తు. మొదటి పద్దెనిమిది రోజులూ ఒకే గుర్తు. జనవరి ఇరవై తొమ్మిది నుంచి ఇంకో గుర్తు. ఆ తర్వాత చివరి కాగితం దాకా అదే. ముప్పై ఏళ్ళు అక్షరం అటూ ఇటూ అయితే వేళ్ళ మీద కొట్టినదాన్ని, ఐదు నెలలు రోజూ ఆ పేజీ తెరిచి అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసుకుని మురిసిపోయాను.

వాళ్ళ ప్రకటన వెతికి చదివాను. కండల జబ్బు లెక్కలో మొదటి దశ జనవరి నెలాఖరుకి పూర్తయింది. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు అని రాశారు. తర్వాతి పని మనుషులు చెయ్యాల్సింది, ప్రయోగశాలల్లో, దానికి ఏళ్ళు పడుతుంది. ఇళ్ళకి పంపడానికి వాళ్ళ దగ్గర పని లేదు. పని లేకపోతే వేరే పని పంపండి అని టిక్కు పెట్టింది నేనే కదా. పంపారు. ఎక్కడో మనం చూడని ఎండు నేల మీద వాన ఎప్పుడు పడుతుంది, ఎంత పడుతుంది అన్న లెక్క అది. ఆ నేలని చిన్న చిన్న గళ్ళుగా కోసి ఇళ్ళకి పంచుతున్నారు. అప్పటి నుంచి మన తొమ్మిదీ చేసింది వాన లెక్కలు. నీ భుజం కోసం చేసింది పద్దెనిమిది రోజులు.

నేను నీకు పదకొండు వందల నలభై అని రాసిన రోజుకే అందులో సగానికి పైగా వానవి. రెండు వేల ఆరు వందలు అని గొప్పగా రాసినప్పుడు నీ పని అయిపోయి రెండు నెలలు దాటింది. ఆ పదకొండు వందలు చూసే నువ్వు తేదీ కొట్టేయించావు. నేను ఆగమన్నాను కాబట్టి ఆగావు.

ఇది నాకు జూన్ ఇరవైన తెలిసింది. ఇరవై ఆరు రోజులు దాచాను. జులై రెండున రాసింది దాచి రాసిన ఉత్తరమే. నీ గోడ గుర్తొచ్చేది, చెయ్యి ఆడేది కాదు. ప్రింటరు మీద వంక పెట్టిన దాన్ని, నన్ను నేను ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు. మీ అన్నయ్యకి నిన్ననే చెప్పాను. ఆయన స్నానానికి పోలేదు. ఎదురుగా కూర్చుని, వెంటనే రాయి, ఒక్క రోజు కూడా ఆపకు అన్నాడు.

ఇంకేమీ అడగను. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈ ఉత్తరం చించి పారేసి అయినా సరే వెళ్ళు.

వదిన


రంగుల కొట్టు మీది గది
జులై 30

వదినా,

వెళ్ళాను. డాక్టరు మళ్ళీ వెనక నిలబడి ఎముక అదిమిపట్టాడు. ఎడమ చెయ్యి చెవి దాకా లేచింది. కుడిది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా గట్టిగా అదమండి అన్నాను. అదిమాడు. అక్కడే ఉంది. ఎత్తమ్మా ఎత్తమ్మా అని ఆయన అంటున్నాడు, నేను ఎత్తుతూనే ఉన్నాను.

కుడి భుజానికి ఇక ఆపరేషను చేసి లాభం లేదు. ఎడమదానికి సెప్టెంబరు మూడున చేస్తారు. మూడు నెలలు చెయ్యి పక్కకి కట్టేసి ఉంచుతారు.

నేను కుడి చేత్తో రాసేదాన్ని. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో సగం బోర్డులు ఆ చెయ్యే రాసింది. నీకు గుర్తు చెయ్యక్కర్లేదు.

అన్నయ్యని పంపించు. నువ్వు రావద్దు.

ఆడపడుచు


కంప్యూటర్ సెంటర్, ముందు గది
సెప్టెంబరు 1

అమ్మాయ్,

ఇది మీ అన్నయ్య సంచిలో పెట్టి పంపిస్తున్నాను. చదవాలనిపించకపోతే మడతపెట్టి పక్కన పెట్టు, ఆయన ఏమీ అనడు. నువ్వు రావద్దన్నావు, రావడం లేదు. రావద్దంటే రాకుండా ఉండడం నాకు చేతనైన పని కాదని నీకు తెలుసు. చేస్తున్నాను.

తొమ్మిదీ ఆపేశాను. నీ జవాబు వచ్చిన రోజే ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి ఆ లెక్కల పని తీసేశాను. ఇప్పుడు పాఠాలకి తప్ప దేనికీ ముట్టుకోవట్లేదు. మధ్యాహ్నాలు గది చప్పుడు లేకుండా ఉంటోంది.

సంచిలో ముందు గుండీలుండే చొక్కాలు నాలుగున్నాయి, ఎడమ చెయ్యి అడ్డం లేకుండా భుజం దగ్గర విప్పి కట్టుకునేలా నాడాలు కుట్టాను. మూడు రోజులు పట్టింది, నాకు కుట్టు రాదని నీకు తెలుసు కాబట్టి కుట్లు చూసి నవ్వకు. నవ్వితే నవ్వు. మీ అన్నయ్యకి తల దువ్వడం రాదు, నేర్పించి పంపాను. నా తల మీదే నేర్చుకున్నాడు, సగం జుట్టు ఊడొచ్చింది.

ఏం రాసినా తక్కువే. నా మాట విని నువ్వు చెయ్యి పోగొట్టుకున్నావు. ఆ మాట కిందా పైనా ఏమీ రాయలేను.

నీ వదిన


రంగుల కొట్టు మీది గది
డిసెంబరు 19

వదినా,

నాలుగు నెలల పైన అయింది. నీ ఉత్తరం ఆసుపత్రిలో చదివాను, చొక్కాలు వేసుకున్నాను. నాడాలు ఊడలేదు. అన్నయ్య తల దువ్విన తీరు మాత్రం పక్క మంచం ఆవిడకి నెల రోజులు కాలక్షేపం. ఆయన ఉన్నన్నాళ్ళూ నీ ఊసెత్తలేదు. రోజూ సాయంత్రం బయటికి వెళ్ళి ఫోను మాట్లాడి వచ్చేవాడు.

ఒకటి చెప్పుకోవాలి, చెప్పకపోతే అన్యాయం. ఆ తేదీ నువ్వు ఆగమన్నావని మాత్రమే కొట్టేయించలేదు. నాకు భయమేసింది. నడుము దగ్గర ఎముక ముక్క తీసి వీపులో పెడతారు, తీగలు బిగిస్తారు అని డాక్టరు బొమ్మ గీసి చూపించిన రోజు నుంచీ భయమే. తప్పించుకోడానికి ఏదో ఒకటి దొరకాలని చూస్తున్నాను, నీ ఉత్తరాలు దొరికాయి. లెక్క అయ్యాక కూడా ఏళ్ళు పడుతుందని డాక్టరు మార్చి నెలలోనే చెప్పాడు. నీకు ఆ ముక్క రాశాను కూడా. ఇద్దరం చదవలేదు. కాబట్టి మొత్తం నీ నెత్తిన వేసుకుని తిరక్కు, అందులో కొంత నాది. కానీ కొంతే. మిగతాది నీదే. అది తీసెయ్యడం నా చేత కాదు, తీసేశానని అబద్ధం చెప్పను.

మిషన్లు ఆపేశానని రాశావు. ఎందుకాపావు? నాకు కోపం వచ్చింది నీ మీద. ఆ ఎండు నేల వాళ్ళు నీకేం చేశారు? వాళ్ళ వాన లెక్క నువ్వు ఆరు నెలలు చేశావు, తప్పు పోకుండా చేశావు, అది ఎవరికో పనికొచ్చే ఉంటుంది. నీకు సిగ్గేసిందని వాళ్ళు ఎందుకు నష్టపోవాలి? మళ్ళీ పెట్టు. ముసలి మిషనుతో సహా. ఈసారి మాత్రం ఏ టిక్కు పక్కన ఏముందో చదివి పెట్టు. రోజూ లెక్క రాయమని అడగను.

మొన్న కట్టు విప్పారు. పలక ఎముక వీపుకి అతుక్కుపోయింది, గోడకి మేకు కొట్టినట్టు కదలదు. మొదటి రోజు చెయ్యి నాది కాదనిపించింది. డాక్టరు మెల్లగా ఎత్తమన్నాడు. వెనక నిలబడలేదు, అరచెయ్యి పెట్టలేదు, ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి చెవి దాకా దానంతట అదే వెళ్ళింది.

ఎడమ చేత్తో కుంచె పట్టుకోవడం మొదలుపెట్టాను. అక్షరాలు ఒకటో క్లాసు పిల్లవి. కొట్టు వెనక గోడ మీద రాస్తాను, తుడుస్తాను. రంగుల కొట్టాయన వచ్చి చూసి, కొత్తగా ఎవరినన్నా పనిలో పెట్టుకున్నావా అని అడిగాడు. పెట్టుకున్నానండీ, ఇంకా చేతకావట్లేదు అన్నాను. గోడ మీద నా తలకి ఒక అడుగు పైదాకా రాయగలుగుతున్నాను. ఏడాదికి బోర్డు ఎక్కుతానేమో. ఎక్కకపోతే నంబరు ప్లేట్లున్నాయి.

ఇవాళ పొద్దున తల నేనే దువ్వుకున్నాను. దాదాపు మూడేళ్ళ తర్వాత. ఎడమ చెయ్యి నడినెత్తి మీదికి వెళ్ళింది. పాపిడి వంకరగా వచ్చింది, జడ పడలేదు, జడకి రెండు చేతులు కావాలి. అద్దం ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాను, సంతోషానికి సగం, నీ మీద కోపానికి సగం. ఏప్రిల్లో చేయించుకుని ఉంటే కుడి చెయ్యి కూడా ఇలాగే లేచేది కదా అని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడం అయ్యాక, చెయ్యి లేచిందని ఎవరికి చెప్పాలా అని కాసేపు కూర్చున్నాను. అన్నయ్యకి చెబితే స్నానానికి పోతాడు. ఎంతసేపు ఆలోచించినా నాకు నువ్వు తప్ప ఎవరూ తోచలేదు వదినా.

రా. వచ్చి జడ వెయ్యి.

నీ ఆడపడుచు